బస్సులో పట్టే నీడ

నేను ఒక గుడారాన్ని. గొట్టాలు లేని గుడారాన్ని. నిలబడే యోగం పోయినా నన్ను ఇంకా గుడారమనే పిలుస్తున్నారు. మనుషుల్లోనూ ఇలా పాత పేరుతో బతికేవాళ్ళు ఉంటారు కాబట్టి నాకేమీ నామోషీ లేదు. ప్రస్తుతం పట్నంలో ఒక పెద్ద దవాఖాన వరండాలో నాలుగు మడతలుగా పరిచి ఉన్నాను. నా మీద హారిక అనే పదేళ్ళ పిల్ల ముడుచుకుని పడుకుంది. నా ఒంటినుంచి బెల్లం వాసన వస్తుంది. పక్కన చాప వేసుకున్న ముసలాయన పొద్దున లేవగానే ముక్కు ఎగబీల్చి, "ఎవరో పాకం పడుతున్నరు" అంటాడు. పాకం కాదు పెద్దాయనా, అది నేనే. ఆ వాసన నాకెలా పట్టిందో చెబుతాను.

నేను పుట్టింది ఈ పట్నం శివార్లలోనే, ఒక రేకుల షెడ్డులో. పైన దట్టమైన కాన్వాసు, అడుగున నీళ్ళు దిగని ప్లాస్టిక్ గుడ్డ, నలుగురు కాళ్ళు చాపుకునేంత చోటు. నన్ను కుట్టినామె ఆఖరి దారం పళ్ళతో తెంపి, ఒకసారి దులిపి చూసి, "మా ఇంటి కప్పు కంటె ఇదే నయమున్నది వదినా" అంది పక్క మిషను ముందున్నామెతో. నా గురించి లోకం అన్న మొదటి మాట అది. చాలా రోజులు దాన్నే తలుచుకుని మురిసిపోయాను. ఆమె ఇంటి కప్పు ఎలాంటిదో అప్పటికి నాకు తెలియదు.

నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉండేది. చెరువు ఒడ్డున పచ్చగడ్డి, నవ్వుతున్న ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, వెనకాల కారు. నా బతుకు కూడా అలాగే ఉంటుందని అనుకున్నాను. ఆ బొమ్మలో బస్సు లేదు. జ్వరం లేదు. కోళ్ళు కూడా లేవు.

జనగామ బజారులో గొడుగులూ తాడిపత్రులూ అమ్మే ఒక దుకాణం నన్ను కొనుక్కొచ్చింది. గుమ్మం పక్కన పెట్టిన నన్ను చూసి "ఇదేంది సేటూ?" అని అందరూ అడిగేవారు. "పిక్నిక్కులకు" అని సేటు చెప్పగానే గొడుగు కొనుక్కుని వెళ్ళిపోయేవారు. అలా నా మీద ఒక వానాకాలపు చెమ్మ, ఒక చలికాలపు దుమ్ము పేరుకున్నాయి.

జాతర దగ్గరపడుతున్న రోజుల్లో సారయ్య, స్వరూప ఆ దుకాణం మెట్లెక్కారు. సారయ్యది సెంట్రింగు పని. ఇంటికి స్లాబు పోసేటప్పుడు కింద కర్రలు నిలబెట్టి పలకలు పరుస్తాడు. స్వరూప చంకలో హారిక ఉంది. పదేళ్ళ పిల్లను తల్లి చంకనెత్తుకోవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. అది తల్లి బలం కాదని సేటుకు కూడా అర్థమైనట్టుంది, కుర్చీ ముందుకు జరిపాడు. స్వరూప కూర్చోలేదు.

"మేడారం పోతున్నం" అన్నాడు సారయ్య. "ఎండకు, మంచుకు పిల్ల ఆగది. నీడ కావాలె. బస్సుల పట్టే నీడ."

సేటు ముందు ఇద్దరు పట్టే చిన్న నైలాను గుడారం చూపించాడు. స్వరూప దాన్ని చూసి, "మేం నలుగురం. మా అత్తమ్మ కాళ్ళు చాపకుంటె నిద్రపోదు" అంది. తర్వాత విసిరితే దానంతటదే విచ్చుకునే రకం తీశాడు. అది నిజంగానే విచ్చుకుంది. గొడుగుల వరసను కూలగొట్టి, సేటు కళ్ళజోడును ఎగరగొట్టి, దుకాణమంతా నిండిపోయింది. దాన్ని మళ్ళీ సంచిలోకి పంపడానికి సేటూ సారయ్యా ఇద్దరూ కలియబడ్డారు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. హారిక నవ్వింది. ఆ నవ్వుకు స్వరూప ఒక్కసారి పిల్ల మొహంలోకి చూసి, చప్పున తల తిప్పుకుంది.

"బస్సు ఆగేదే కొద్దిసేపు. అండ్ల గీ కుస్తీ ఎప్పుడు పడ్తం?" అంది.

అప్పుడు నన్ను కిందికి దించారు. స్వరూప కొంగుముడి విప్పి ఒక పురికొస తీసింది. బస్సు సీటు కింద జాగా ఎంత ఉంటుందో అంతకుముందే కొలిచి, దానికి ముడి వేసుకొచ్చింది. నా గుడ్డ సంచి ఆ ముడి లోపలే సరిపోయింది. ఇనుప గొట్టాల కట్ట మాత్రం ముడి దాటి బెత్తెడు పైకి వచ్చింది.

"కారు డిక్కీల అయితే హాయిగ పడ్తదమ్మా" అన్నాడు సేటు.

"మాకు డిక్కీ లేదు సేటూ. ఒడి ఉన్నది. ఒళ్ళె పిల్ల ఉన్నది."

అంతటితో ఆగలేదు ఆమె. నా సంచిని భుజానికి తగిలించుకుని, పిల్లను చంకనెత్తుకుని, దుకాణం మెట్లు దిగి మళ్ళీ ఎక్కింది. రెండోసారి సారయ్యను అడ్డంగా నిలబడి నెట్టమంది. జాతర బస్సులో తోపులాట అలాగే ఉంటుందట. అతను మెల్లగా నెట్టాడు. "గట్టిగ నెట్టు, మొగుడిలెక్క కాదు" అంది. గట్టిగా నెట్టాడు. ఆమె తూలింది గానీ పిల్ల జారలేదు, నేనూ జారలేదు. ఎక్కడెక్కడి కొండలో ఎక్కడానికని కుట్టిన నన్ను ఇలా మూడు మెట్ల మీద పరీక్షించి కొన్నారు. నాకు కొంచెం సిగ్గేసింది. ఆ పరీక్ష ఎంత పెద్దదో బస్సెక్కాక తెలిసింది.

ఇంటికి చేరాక అసలు సంగతి విన్నాను. హారిక పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదట. అప్పుడు సారయ్య తల్లి కొంరవ్వ వాకిట్లో నిలబడి, మనుమరాలు బతికితే నిలువెత్తు బంగారం తూస్తానని వనదేవతలకు మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లం. పిల్లను తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం ముద్దలు తూచి గద్దెల మీద సమర్పిస్తారు. రెండేళ్ళకోసారి వచ్చే జాతర. ఒకసారి పని ఒత్తిడి, ఒకసారి చుట్టాల పెళ్ళి, వాయిదా పడుతూ వచ్చింది. కిందటి ఎండాకాలం మాత్రం కొంరవ్వ పట్టుబట్టి పిల్లను వడ్ల కాంటా మీద నిలబెట్టించి బరువు గుర్తుపెట్టుకుంది. అప్పుడు హారిక కాంటా మీద గెంతుతుంటే ముల్లు నిలవక, కాంటా మనిషి కసిరాడట.

ఆ తర్వాత వానలు తగ్గుముఖం పడుతున్నప్పుడు జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. పిల్ల అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. జనగామ డాక్టరు మందులు మార్చి మార్చి, ఇక నా వల్ల కాదు, పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్ళండన్నాడు. అక్కడ మంచం దొరికే రోజు జాతర వెళ్ళిన తర్వాత పడింది. జాతర నుంచి నేరుగా దవాఖానకే పోవాలని ముగ్గురూ అనుకున్నారు. చుట్టాల ట్రాక్టరు జాతరకు మాత్రమే పోయి వస్తుంది. అందుకే బస్సు. అందుకే నేను.

పిల్ల బరువు తగ్గినకొద్దీ మొక్కు బరువూ తగ్గాలి, మోత తేలిక కావాలి. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. పిల్లను మళ్ళీ కాంటా ఎక్కించడానికి ఎవరికీ గుండె చాల్లేదు. బెల్లం మాత్రం ఎండాకాలం నాటి తూకానికే తెచ్చారు. గోనెసంచి నిండా.

బయలుదేరే పొద్దున సారయ్య వాకిట్లో మూటలన్నీ వరసగా పెట్టి చూశాడు. బెల్లం సంచి తన నెత్తి మీదికి. పిల్ల స్వరూప చంకలోకి. కొంరవ్వకు ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చేతిలో కోడి. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, నేను. నా గొట్టాల కట్ట ఎత్తి చూసి, "దీని బరువంతా ఇండ్లనే ఉన్నది" అన్నాడు. అది నిజమే.

"దానియి దానికి ఉండనియ్యరాదా" అంది స్వరూప.

"అడవికే పోతున్నం గదనే. అడవికి కట్టెలు మోసుకపోతె నలుగురు నవ్వరా? మీసం మొలవకముందు సంది కర్రలు నిలవెట్టుడే నా పని. రొండు గడలు నరికి నిలవెట్టుడు నాకు తెల్వదా?"

స్వరూప పురికొస ముడిని, బెత్తెడు పొడుగున్న గొట్టాలను మార్చి మార్చి చూసింది. చంకలో పిల్ల దగ్గింది. ఆమె పురికొసను మళ్ళీ కొంగున ముడేసుకుంది. సారయ్య నా ఎముకలను కోళ్ళగూటి పక్కన గోడకు ఆనించాడు. ఇప్పుడు వాటి మీద చిక్కుడు తీగ పాకుతోందని కొంరవ్వ ఆమధ్య చెప్పింది. వాటికైనా ఒక కాపు దక్కింది.

బస్సు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సీటు కింద నన్ను తోశారు, నా మీద కోడిని కట్టేశారు. అది దారంతా నన్ను పొడుస్తూనే ఉంది. హన్మకొండలో జాతర బస్సు మారినప్పుడు దుకాణం మెట్ల మీది పరీక్ష అక్షరాలా నిజమైంది. జనం నెట్టారు, స్వరూప తూలింది, పిల్ల జారలేదు. లోపల ఒకాయన తెలియక బెల్లం సంచి మీద కాలు పెట్టాడు.

"తల్లి బంగారం మీద కాలు వెడ్తివా కొడుకా" అంది కొంరవ్వ, మెల్లగానే.

ఆయన కాలు తీసి, ఇంకెక్కడా చోటు లేక, ములుగు దాటేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాడు. మనుషులు నమ్మకం కోసం ఎంతసేపైనా ఒంటికాలి మీద నిలబడగలరు. గొట్టాలు మోయమంటే మాత్రం బరువంటారు.

వాగు ఒడ్డున దిగేసరికి మాకన్నా ముందే ఒక పెద్ద ఊరు వెలిసి ఉంది. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, పొయ్యిలు, డప్పులు, పూనకాలు. సారయ్య నన్ను పరిచి, నా మీద పిల్లను పడుకోబెట్టి, చేతులు దులుపుకుంటూ గడల కోసం వెళ్ళాడు. అడవి అంచున కాపలావాళ్ళు నిలబడి ఉన్నారు. చెట్టు మీద చెయ్యి వేయనివ్వలేదు. వెదురు అమ్మేవాళ్ళ దగ్గర గడలన్నీ ముందొచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. రాలిన కట్టెలు పొయ్యిల్లో మండుతున్నాయి. అంత అడవిలో సారయ్య తిరిగి తిరిగి, జానెడు పుల్ల ఒకటి పట్టుకుని వచ్చాడు. ఎందుకు తెచ్చాడో అతనికే తెలియదు. ఉత్త చేతులతో రావడం చేతకాక తెచ్చినట్టున్నాడు.

"పండ్లు తోముకునేతందుకా?" అంది స్వరూప.

కొంరవ్వ పకపకా నవ్వింది. సారయ్యా నవ్వబోయి, నవ్వలేక, పిల్ల పక్కన కూలబడ్డాడు. హారిక ఒళ్ళు అప్పటికే కాలుతోంది. ఆ వేడి నా గుడ్డ గుండా నాకు తెలుస్తోంది.

పొద్దు వాలేవేళకు అనుకోని మబ్బు కమ్మింది. ఆ కాలంలో అక్కడ వాన పడుతుందని ఎవరూ అనుకోరు. పెద్ద పెద్ద చినుకులు ఇసుకలో గుంటలు చేస్తూ వచ్చాయి. చుట్టూ ట్రాక్టర్ల కిందా బండ్ల కిందా జనం కిక్కిరిశారు. దగ్గుతున్న పిల్లను ఆ ఇరుకులోకి తోయడానికి స్వరూప ఒప్పుకోలేదు. "గుడారం లేపు" అంది.

"ఏంటితోని లేపాలె?"

"నువ్వు లెవ్వు. నువ్వే లెవ్వు."

సారయ్య నన్ను ఎత్తుకుని నడిమధ్య నిలబడ్డాడు. చేతులు రెండూ పైకెత్తి, తల నా కప్పుకు ఆనించాడు. స్వరూప ఒక మూల పట్టుకుంది. కొంరవ్వ తన ఊతకర్రను ఇంకో మూలకు దన్నుపెట్టి, కర్ర లేకుండా నిలబడలేక, ఇసుకలో చతికిలబడి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కింద హారిక, బెల్లం సంచి, కోడి. వాన నీళ్ళు నా నడుములో మడుగు కట్టాయి. వాటిని తలతో ఎత్తి అవతలికి దొర్లించడం, మళ్ళీ నిండితే మళ్ళీ ఎత్తడం. సారయ్య మెడ నరాలు వణకడం నాకు తెలుస్తోంది. ఊరందరి ఇళ్ళకు కప్పు నిలబెట్టినవాడు తన బిడ్డకు తానే కర్రయ్యాడు.

కిందినుంచి సన్నని గొంతు వచ్చింది. "బాపూ, స్లాబు పోస్తున్నవా?"

"అవు బిడ్డా. కదలకు."

"ఎప్పుడు దిగుతవు మరి?"

"ఆరేదాక కర్రలు తీయొద్దు బిడ్డా. తీస్తె కూలుతది."

వాన చాలాసేపు కురిసింది. నేను కాన్వాసును కాబట్టి నీళ్ళు తాగి తాగి బరువెక్కుతున్నాను. గుడారంగా పుట్టి, నిలబడ్డవాళ్ళ మీద ఇలా వేలాడటంకన్నా హీనమేముంటుంది? ఏ గాలికో చిరిగిపోతే బాగుండనుకున్నాను. కానీ కింద పిల్ల తడవలేదు. బెల్లం సంచి అంచు మాత్రం కొంచెం తడిసి, పాకం కారి నాలోకి ఇంకింది. ఇప్పుడు వరండాలో వచ్చే వాసన అదే.

మర్నాడు తూకం. బెల్లం దుకాణం ముందు మూడు వెదురు గడలు కట్టి, పెద్ద తరాజు వేలాడదీశారు. సారయ్య దేవతల గద్దెల వైపు కాకుండా ఆ గడల వైపే చూస్తూ నిలబడ్డాడు. కొంరవ్వ సంచి విప్పించి బెల్లమంతా ఒక తట్టలో పేర్పించింది. స్వరూప హారికను రెండో తట్టలో కూర్చోబెట్టి చేతులు తీసింది.

పిల్ల పైకి లేచింది.

బెల్లం తట్ట నేలకు తగిలింది. హారిక గాలిలో, గొలుసులు పట్టుకుని, కాళ్ళు వేలాడేసుకుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఎండాకాలం నుంచి ఇప్పటికి పిల్ల ఎంత చిక్కిపోయిందో ఇంతకాలం ఎవరూ చూడనిది, తరాజు అందరికీ ఎత్తి చూపిస్తోంది. సారయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తరాజు మనిషి మెత్తని మనిషి. "ఎక్కువ తెచ్చినట్టున్నరు అవ్వా. నాలుగు ముద్దలు తీస్తె సరిపోతది" అని చెయ్యి చాపాడు.

"తియ్యకు" అంది స్వరూప.

"సమం గావాలె గదమ్మా."

"తియ్యకు అన్నా. తల్లి పేరున తెచ్చింది ఇంటికి మళ్ళదు. నా బిడ్డ గింతే ఉన్నదని నేను ఒప్పుకున్నట్టయితది. నేను ఒప్పుకోను."

కొంరవ్వ అవునన్నట్టు తలాడించింది. తరాజు మనిషి గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. వెనక వరస పెరుగుతోంది. స్వరూప చుట్టూ చూసింది. ఆమె కళ్ళు నా మీద ఆగాయి. రాత్రి వాన నీళ్ళతో ఇంకా బొట్లు కారుతూ, ఎందుకూ కొరగాకుండా ఒక పక్క కుప్పగా పడి ఉన్నాను. ఆమె వంగి నన్ను రెండు చేతులా ఎత్తి, హారిక ఒడిలో పెట్టింది.

"బరువున్నదే అమ్మా" అంది హారిక.

"ఉండనియ్యి. పట్టుకో."

పిల్ల నన్ను కావలించుకుంది. తట్ట మెల్లగా కిందికి దిగింది. బెల్లం తట్ట నేలను వదిలింది. దూలం ఊగి, ఊగి, సమంగా నిలబడింది. ఏ వాన మమ్మల్ని ఏడిపించిందో ఆ వాన నీళ్ళే నాలో ఉండి ఆ వెలితి పూడ్చాయి. అట్టపెట్టె మీది బొమ్మవాళ్ళు ఏ చెరువు ఒడ్డునైనా నన్ను ఇంత గట్టిగా కావలించుకుని ఉండేవాళ్ళు కాదు.

కొంరవ్వ గద్దెల వైపు తిరిగి చేతులు జోడించింది. "తల్లీ, ఇయ్యాల గుడారంతోని తూగింది. మళ్ళ జాతరకు గుడారం లేకుంట తూగాలె. నీ దయ."

అంతే. సారయ్య బెల్లం మోసుకుని జనంలోకి వెళ్ళాడు. ఆ సాయంత్రమే పట్నం బస్సెక్కాం.

ఇదీ నా కథ. ఇప్పుడు ఈ వరండాలో నేను పరుపును. మంచం దొరికింది గానీ హారిక పగలంతా నా మీదే పడుకుంటానంటుంది. కొంరవ్వ ఊళ్ళో కోళ్ళను చూసుకుంటూ అప్పుడప్పుడు వచ్చిపోతుంది. సారయ్య పగలు ఏదో మేడకు కర్రలు నిలబెట్టి, పొద్దువాలే వేళకు వస్తాడు. డాక్టర్లు ఏవో పరీక్షలు చేస్తారు, ఏదో అంటారు. వాళ్ళ మాట అర్థం చేసుకోవడానికి స్వరూప వాళ్ళ మొహాలు చూస్తుంది. మొహాలు కూడా వేరే భాషలోనే ఉంటాయి.

పొద్దున నర్సు పిల్లను బరువు చూసే మిషను ఎక్కిస్తుంది. మొదటిరోజే హారిక అడిగింది, "అక్కా, గుడారం పట్టుకొని ఎక్కనా?"

"గుడారమెందుకమ్మా, నువ్వొక్కదానివే ఎక్కు" అంది నర్సు.

స్వరూప నవ్వింది. ఆ నవ్వు సగంలో ఏమైందో, కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఇప్పుడామె ముల్లు పెరిగిందా అని అడగదు. తగ్గలేదంటే చాలు, ఆ పూట అన్నం తింటుంది.

ఇవాళ ముల్లు నిన్నటి దగ్గరే నిలబడింది. సాయంత్రం హారికకు సెలైను ఎక్కించడానికి వచ్చారు. స్టాండు వేరే మంచం దగ్గరుంది, తెచ్చేదాకా పట్టుకోమని నర్సు సీసాను సారయ్య చేతికిచ్చింది. అతను చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. సిమెంటు మరకలున్న ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. కాసేపటికి స్టాండు వచ్చింది.

"ఇగ ఇటియ్యండి, తగిలిద్దాం" అంది నర్సు.

సారయ్య ఇవ్వలేదు. "ఉండనియ్యమ్మా" అన్నాడు.

నర్సు స్టాండును పక్కనే వదిలి వెళ్ళింది. చుక్క తర్వాత చుక్క గొట్టంలోకి దిగుతోంది. నా మీద పిల్ల కళ్ళు తెరవకుండానే కదిలింది.

"బాపూ, ఆరిందా?"

"ఇంకా ఆరలేదు బిడ్డా" అన్నాడు సారయ్య, చెయ్యి దించకుండా.